చవక కంప్రెసర్‌తో స్కూబా ట్యాంక్ నింపుకోవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

"300 బార్" (బార్ అంటే ప్రెషర్ కొలత) అని రాసి ఉన్న చిన్న కంప్రెసర్లు ఆన్‌లైన్‌లో ఇప్పుడు ఇబ్బడిముబ్బడిగా దొరుకుతున్నాయి. డైవింగ్ నేర్చుకుని, సొంత ట్యాంక్ కొనుక్కున్నవాళ్లకు వాటిని చూడగానే ఆశ పుడుతుంది. ప్రతిసారీ డైవ్ సెంటర్‌కి ట్యాంకులు మోసుకెళ్లే పని తప్పుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నింపుకోవచ్చు. ఆ ఆశ సహజమే. కానీ ఆ గాలిని నీళ్ల అడుగున పీల్చాల్సింది మనమే కాబట్టి, డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎయిర్‌గన్ల కోసం తయారైన చవక కంప్రెసర్‌తో నింపిన గాలిని నీటి కింద పీల్చకండి. ట్యాంకులోకి ప్రెషర్ ఎక్కించడం ఆ మిషన్‌కి చేతనవుతుంది. ఆ గాలిని పీల్చడానికి పనికొచ్చేలా ఉంచడం దానికి చేతకాదు. ఎందుకు చేతకాదో కింద వివరంగా రాస్తున్నాను.

టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్, పెయింటింగ్ కంప్రెసర్ పనికొస్తాయా?

రావు. అవి ఇచ్చేది 8 నుంచి 10 బార్ వరకే. స్కూబా ట్యాంక్‌కి కావాల్సింది 200 బార్, కొన్ని స్టీల్ ట్యాంకులకైతే 232 లేదా 300 బార్. అడాప్టర్లు కలిపి ఏదో చేద్దామని చూసినా, ట్యాంకు అడుగున కాస్త మురికి గాలి చేరడం తప్ప జరిగేదేమీ ఉండదు.

మరి 300 బార్ అని రాసి ఉన్నవి? అవి ట్యాంక్ నింపుతాయి కదా?

నింపుతాయి. వచ్చిన చిక్కల్లా అక్కడే. గేజ్ మీద ముల్లు 200 దాకా వెళుతుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది.

ఈ మిషన్లలో ఎక్కువ భాగం పీసీపీ రకం, అంటే ముందుగా నింపిన గాలితో పేలే ఎయిర్‌గన్ల కోసం తయారైనవి. ఆ తుపాకీలో ఉండే గాలి సిలిండర్ చాలా చిన్నది, సాధారణంగా అర లీటరు కూడా ఉండదు. కొద్ది నిమిషాల్లో నిండిపోతుంది, మిషన్ చల్లబడుతుంది. పైగా ఆ గాలి పెల్లెట్‌ని తోయడానికే. అందులో కాస్త ఆయిల్ ఉన్నా, కాలిన పొగ ఉన్నా తుపాకీకి ఏమీ కాదు. కాబట్టి తయారుచేసేవాళ్లు ఫిల్టర్ మీద, కూలింగ్ మీద ఎక్కువ ఖర్చు పెట్టరు. చాలా మిషన్ల మాన్యువల్‌లో "ఈ గాలి పీల్చడానికి కాదు" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కూడా. అదే మిషన్‌ని అమ్మే పేజీలో మాత్రం పక్కన డైవింగ్ ట్యాంక్ ఫొటో పెట్టి ఉంటుంది. ఫొటోని కాదు, మాన్యువల్‌ని నమ్మండి.

గాలే కదా. పీల్చే గాలికి అంత ప్రత్యేకత ఏమిటి?

పీల్చే గాలికి రాతపూర్వకంగా ప్రమాణాలు ఉన్నాయి. యూరప్‌లో ఈఎన్ 12021 ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం దాటకూడదు, కార్బన్ డయాక్సైడ్ 500 పీపీఎం దాటకూడదు, ఆయిల్ ఘనపు మీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో డైవింగ్‌కి వాడే "సీజీఏ గ్రేడ్-ఇ" ప్రమాణం కొంచెం సడలింపుగా ఉంటుంది: కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం, కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం, ఆయిల్ 5 మిల్లీగ్రాములు. తేమకు కూడా లెక్క ఉంది.

పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. ఇంత చిన్న అంకెలు ఎందుకు పెట్టారంటే, నీటి కిందకు వెళ్లేకొద్దీ ప్రతి అంకె ప్రభావం పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో మన చుట్టూ 4 బార్ ప్రెషర్ ఉంటుంది. ట్యాంకులో 10 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, అక్కడ ఒంటి మీద అది చూపే ప్రభావం ఒడ్డున 40 పీపీఎం పీల్చినట్టు ఉంటుంది. ఒడ్డున కాస్త తల పట్టేసినట్టు అనిపించి వదిలేసే గాలి, లోతులో మనిషిని పడేయగలదు.

కార్బన్ మోనాక్సైడ్ గురించి ఇంత టెన్షన్ ఎందుకు?

ఎందుకంటే మిగతా మురికి చాలావరకు తనంతట తానే బయటపడుతుంది. ఆయిల్ ఉంటే నోట్లో జిడ్డు రుచి తగులుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన, రుచి ఏవీ లేవు.

రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో ఉన్నదాంట్లో సగం పోవడానికే సుమారు 4, 5 గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ సమయం గంట, గంటన్నరకు తగ్గుతుంది.

డైవర్‌కి ఇందులో ఇంకో ఉచ్చు ఉంది. లోతులో ఉన్నంతసేపు ఆక్సిజన్ ప్రెషర్ కూడా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, హీమోగ్లోబిన్ సగం పని మానేసినా ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగంలో) కరిగిన ఆక్సిజన్ కొంత ఆదుకుంటుంది. మనిషికి తేడా తెలియకపోవచ్చు. పైకి వచ్చేటప్పుడు ఆ ఆసరా మీటరు మీటరుకీ తగ్గిపోతుంది. రక్తానికి పట్టిన విషం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే అడుగున బాగానే ఉన్న మనిషి పైకి వస్తూ దారిలో స్పృహ తప్పవచ్చు. నీటిలో స్పృహ తప్పితే రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే సాధనం) నోట్లోంచి జారిపోతుంది. బయట చూసినవాళ్లకు అది మునిగిపోయిన కేసులా కనిపిస్తుంది. ట్యాంకులో గాలిని పరీక్షించేదాకా అసలు కారణం బయటకు రాదు.

అది ట్యాంకులోకి ఎలా వస్తుంది? నేను పొగ దగ్గర పెట్టను కదా?

రెండు దారులు. ఒకటి బయటి నుంచి: కంప్రెసర్ గాలి పీల్చుకునే చోటికి దగ్గర్లో ఏదైనా ఇంజన్, జనరేటర్, బైక్, పడవ పొగ గొట్టం ఉండటం.

రెండోది ఎక్కువమందికి తెలియదు. కంప్రెసర్ లోపలే తయారవుతుంది. సిలిండర్‌లో ఉన్న లూబ్రికేటింగ్ ఆయిల్ అతిగా వేడెక్కితే సరిగా కాలదు, మాడుతుంది. ఆ మాడటంలోంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కాబట్టి చుట్టూ ఎంత స్వచ్ఛమైన గాలి ఉన్నా, కరెంటు మోటారుతో నడిపినా, మిషన్ వేడెక్కితే మిషనే పొగ పెడుతుంది.

అంత వేడి ఎందుకు వస్తుంది?

సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు కింది భాగం చేతికి వెచ్చగా తగలడం అందరికీ అనుభవమే. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. అక్కడ ఒత్తేది కొద్ది బార్లే, ఇక్కడ 200, 300 బార్లు.

అందుకే పీల్చే గాలి కోసం చేసిన కంప్రెసర్లు గాలిని ఒకేసారి ఒత్తవు. మూడు లేదా నాలుగు స్టేజీల్లో కొంచెం కొంచెంగా ఒత్తుతూ, ప్రతి స్టేజీ తర్వాత గాలిని పొడవాటి గొట్టంలో తిప్పి చల్లార్చి, అందులో నీళ్లు వేరుచేసి, తర్వాతి స్టేజీకి పంపుతాయి. 300 బార్‌కి నాలుగు స్టేజీలైతే ప్రతి స్టేజీలో ప్రెషర్ సుమారు 4 రెట్లు పెరుగుతుంది. గాలి 27 డిగ్రీల దగ్గర మొదలైతే, వేడి ఎక్కడికీ పోదనుకుని లెక్క వేస్తే, ప్రతి స్టేజీ చివర 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే పని రెండు స్టేజీల్లో చేస్తే ఒక్కో స్టేజీలో ప్రెషర్ 17 రెట్లు పెరగాలి. అప్పుడు అదే లెక్కలో ఉష్ణోగ్రత 400 డిగ్రీలు దాటుతుంది. చవక మిషన్లలో ఎక్కువ భాగం రెండు స్టేజీలవే.

నిజంగా నడిచేటప్పుడు కొంత వేడి గోడల గుండా పోతుంది కాబట్టి అంకెలు కాస్త తగ్గుతాయి. అయినా తేడా ఎంతో మీకే అర్థమవుతుంది. ఆ వేడిలో మామూలు ఆయిల్ నిలవదు. విరుగుతుంది, మాడుతుంది, వాల్వుల మీద నల్లటి మసిగా పేరుకుంటుంది. ఆ మసి పేరుకున్న వాల్వు సరిగా మూసుకోదు, గాలి వెనక్కి లీకై మళ్లీ ఒత్తిడికి గురై ఇంకా వేడెక్కుతుంది. ప్రెషర్, ఆక్సిజన్, ఆయిల్ ఆవిరి, వేడి నాలుగూ ఒకేచోట కలిస్తే డీజిల్ ఇంజన్‌లో జరిగినట్టు లోపలే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

బకెట్‌లో నీళ్లు పెట్టి చిన్న పంపుతో తిప్పే కూలింగ్ బయటి లోహాన్ని చల్లగా ఉంచుతుంది. లోపల క్షణంలో ఒత్తుకునే గాలిని అంతగా చల్లార్చలేదు. మిషన్ మీది థర్మామీటర్ 60 చూపిస్తోందంటే అది లోహం ఉష్ణోగ్రత. గాలిది కాదు.

మిషన్‌తోపాటు ఫిల్టర్ ఇచ్చారు. అది చాలదా?

దాన్ని ఒకసారి విప్పి చూడండి. సాధారణంగా వేలెడు పొడవున్న దూది కడ్డీ ఉంటుంది. కొద్దిసేపు నడిచిన మిషన్‌లోంచి తీస్తే గాలి వచ్చే వైపు పసుపు తిరిగి, తడిసి, జిడ్డుగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన నూనె వాసన వస్తుంది. ఆ దూది నీటి చుక్కల్ని, ఆయిల్ చుక్కల్ని కొంత ఆపుతుంది. ఆవిరి రూపంలో ఉన్న ఆయిల్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు.

పీల్చే గాలి ఫిల్టర్‌లో సరుకు వేరు. ముందు నీళ్లు, ఆయిల్ వేరుచేసే సెపరేటర్. ఆ తర్వాత తేమని పీల్చేసే మాలిక్యులర్ సీవ్ గుళికలు (13ఎక్స్ రకం). ఆయిల్ ఆవిరి, వాసనల కోసం యాక్టివేటెడ్ కార్బన్. కార్బన్ మోనాక్సైడ్ కోసం హాప్‌కలైట్, అంటే మాంగనీస్ డయాక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కలిసిన మిశ్రమం. ఇది కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. యాక్టివేటెడ్ కార్బన్ కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకోదు. "కార్బన్ ఫిల్టర్ ఉంది, భయం లేదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఈ విషయంలో తప్పు. రెండోది, హాప్‌కలైట్ పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. తేమ తగిలితే చచ్చుబడిపోతుంది. అంటే దానికి ముందున్న మాలిక్యులర్ సీవ్ నిండిపోయిన రోజున హాప్‌కలైట్ కూడా పోయినట్టే, బయటికి మాత్రం ఏ తేడా కనిపించదు.

విడిగా మంచి ఫిల్టర్ కొని చవక కంప్రెసర్‌కి తగిలిస్తే?

చాలామంది ఈ దారి పడతారు. ఏమీ లేనిదానికంటే నయమే, కానీ నేను దీన్నీ సిఫార్సు చేయను. ఫిల్టర్‌కి రాసి ఉన్న ఆయుష్షు, లోపలికి వచ్చే గాలి చల్లగా ఉంటుందన్న లెక్క మీద వేసింది. వేడి గాలి నీటి ఆవిరిని ఎక్కువ మోసుకొస్తుంది. సుమారు ప్రతి 10, 11 డిగ్రీలకీ ఆ తేమ రెట్టింపవుతుంది. మిషన్‌లోంచి గాలి వేడివేడిగా వచ్చి ఫిల్టర్‌లో పడితే, గంటల లెక్కన పనిచేయాల్సిన గుళికలు చాలా ముందే నిండిపోతాయి.

ఇంకో సంగతి. మంచి కంప్రెసర్లలో ఫిల్టర్ తర్వాత ఒక వాల్వు ఉంటుంది. ఫిల్టర్‌లో ప్రెషర్ 100 బార్ పైకి చేరేదాకా అది గాలిని ట్యాంకులోకి వదలదు. ఎక్కువ ప్రెషర్‌లో నీళ్లు బాగా విడిపోతాయి, గాలి గుళికల మధ్య నెమ్మదిగా కదులుతుంది, వాటికి పనిచేసే వ్యవధి దొరుకుతుంది. ఆ వాల్వు లేకపోతే ఖాళీ ట్యాంక్ నింపేటప్పుడు మొదటి సగం గాలి ఫిల్టర్‌ని దాదాపు తప్పించుకుని పోయినట్టే.

ఫిల్టర్ ఎంత మంచిదైనా, మాడే ఆయిల్‌ని ఎడతెగకుండా దాని మీదకు తోసే మిషన్‌ని అది మంచి మిషన్‌గా మార్చలేదు.

ఒక ట్యాంక్ నింపితే ఎంత నీళ్లు వస్తాయి?

లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఇది చాలామంది ఊహకు అందదు. 11 లీటర్ల ట్యాంక్ 200 బార్‌కి నింపాలంటే సుమారు 2200 లీటర్ల మామూలు గాలి కావాలి. 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 80 శాతం తేమ ఉన్న రోజున, ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. 2200 లీటర్లకు దాదాపు 53 గ్రాములు. అంటే ప్రతి ట్యాంకుకీ 50 మిల్లీలీటర్లకు పైగా నీళ్లను మిషన్ బయటకు పంపాలి. ఘనపు మీటరుకి 50 మిల్లీగ్రాముల తేమ ఉండవచ్చనుకున్నా, ట్యాంకులో మిగలాల్సింది 110 మిల్లీగ్రాములే.

అందుకే కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ కొద్ది నిమిషాలకోసారి డ్రెయిన్ వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. తిప్పినప్పుడు బుస్సుమంటూ పాలలా తెల్లగా నురగ వస్తుంది. అది నీళ్లు, ఆయిల్ చిలికినట్టు కలిసిపోయిన మిశ్రమం. దాన్ని తెల్ల గుడ్డలో పట్టి చూడండి. లేత గోధుమ రంగులోకి తిరిగి మాడిన వాసన వస్తుంటే ఆయిల్ మాడుతోందన్నమాట. మిషన్ ఆపేయాలి.

వదలని నీళ్లు ట్యాంకులోకే పోతాయి. స్టీల్ ట్యాంక్ లోపల తుప్పు పడుతుంది. తుప్పు ఆక్సిజన్‌ని తింటుంది కాబట్టి, నెలల తరబడి నింపి పక్కన పెట్టిన తడి ట్యాంకులో ఆక్సిజన్ శాతం తగ్గిపోయే ప్రమాదం కూడా ఉంది. చల్లటి నీళ్లలో అదే తేమ రెగ్యులేటర్‌లో గడ్డకట్టి గాలి ఆగకుండా కారిపోయేలా చేస్తుంది.

వాసన, రుచి చూస్తే గాలి మంచిదో కాదో తెలియదా?

చెడ్డదని తెలియవచ్చు, మంచిదని తెలియదు. ఆయిల్ వాసన, రబ్బరు మాడిన వాసన, పొగ వాసన వస్తే ఆ ట్యాంక్ పక్కన పెట్టేయండి. వాసన రాకపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

"ఆయిల్ ఫ్రీ" అని రాసి ఉంటే భయం లేనట్టేనా?

కొంత సమస్య తగ్గుతుంది, మొత్తం పోదు. బయటి పొగ లోపలికి రావడం, తేమ, ధూళి అలాగే ఉంటాయి. ఆయిల్ లేని మిషన్లలో పిస్టన్ రింగులు టెఫ్లాన్ రకం పదార్థంతో చేస్తారు. అవి అరిగి పొడి రాలుతుంది, అతిగా వేడెక్కితే వాటిలోంచీ విషవాయువులు వస్తాయి. పైగా చవక మిషన్ల మీద ఆ మాట రాసి ఉన్నా, కింది భాగంలో ఉన్న క్రాంక్‌కేస్‌లో ఆయిల్ పోయమని మాన్యువల్ చెబుతుంటుంది. రింగులు అరిగాక ఆ ఆయిల్ పైకి వస్తుంది.

ఆయిల్ ఏది వాడాలి?

కంప్రెసర్ తయారీదారు పీల్చే గాలి కోసం సూచించిన ఆయిలే. బండి ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ పోయకూడదు. వాటిలో కలిపే రసాయనాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సినవి కావు. ఆయిల్ తుంపర ఎక్కువగా పీలిస్తే ఒక రకం న్యుమోనియా వస్తుంది, అది మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గేది కాదు. సరైన ఆయిల్ పోసినంత మాత్రాన చవక మిషన్ సురక్షితం అయిపోదని కూడా గమనించండి.

పెట్రోల్ ఇంజన్ కంటే కరెంటు మోటారు మేలు కదా?

మేలే. పెట్రోల్ ఇంజన్ కంప్రెసర్ పక్కనే తన సొంత పొగ గొట్టం పెట్టుకుని ఉంటుంది. వాడక తప్పకపోతే గాలి పీల్చే గొట్టాన్ని పొడవుగా లాగి, గాలి వీచే వైపున, ఇంజన్‌కి దూరంగా, ఎత్తులో పెట్టాలి. నింపుతున్నంతసేపూ ఒక మనిషి గాలి దిశను గమనిస్తూ ఉండాలి. గాలి మళ్లడం మామూలే. మొదలుపెట్టినప్పుడు సరిగ్గా ఉన్న గొట్టం పది నిమిషాల తర్వాత పొగలో ఉండవచ్చు.

కరెంటు మోటారైనా గ్యారేజీలో, పెయింట్ డబ్బాలు, థిన్నర్లు ఉన్న గదిలో నడపకండి. బకెట్ నీళ్లు, ఎర్తింగ్ లేని ప్లగ్గు, తడి నేల కలిస్తే షాక్ ప్రమాదం వేరే.

ట్యాంక్ నిండటానికి ఎంతసేపు పడుతుంది?

2200 లీటర్లు లెక్క పెట్టుకోండి. బావర్, కోల్ట్రీ లాంటి కంపెనీల చిన్న పోర్టబుల్ మిషన్లు నిమిషానికి 80 నుంచి 100 లీటర్లు ఇస్తాయి, అంటే అరగంటలోపు పని. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే మిషన్‌కి గంటా పావు. 10 లీటర్లే ఇచ్చేదానికి మూడున్నర గంటలు దాటుతుంది. కొద్ది నిమిషాలు నడిచి ఆగాల్సిన మిషన్‌ని గంటల తరబడి నడిపితే అరిగేది మిషన్ ఒక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఆ గంటల వేడంతా గాలిలోకి చేరుతుంది.

పేలే ప్రమాదం ఉందా?

ఉంది. 11 లీటర్ల ట్యాంకులో 200 బార్ దగ్గర నిల్వ ఉండే శక్తి కనీసం 100 గ్రాముల టీఎన్‌టీకి సమానం. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకుకి ఆ ప్రెషర్ లెక్కలోది కాదు. తేడా వచ్చేది పాత ట్యాంకులు, నాసిరకం గేజ్‌లు, హోస్‌లతో.

మనం పెట్టిన ప్రెషర్ దగ్గర దానంతట అదే ఆగిపోతుందని చెప్పే చవక మిషన్లలో ఆ స్విచ్ పనిచేయకపోతే, మిగిలేది ఒక్క బర్స్ట్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలి గాలిని వదిలేసే పలుచని రేకు). మంచి మిషన్‌లో ప్రతి స్టేజీకీ విడిగా సేఫ్టీ వాల్వు ఉంటుంది. ట్యాంక్ మీద ముద్రించిన వర్కింగ్ ప్రెషర్‌ని ఎప్పుడూ దాటించకండి. హోస్ మీద వంగిన గుర్తులు, బుడిపెలు ఉంటే పారేయండి; ప్రెషర్‌లో ఉండగా ఊడిన హోస్ కొరడాలా కొడుతుంది. నింపేటప్పుడు మిషన్‌ని వదిలి వెళ్లకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

1970లు, 80లలో తయారైన అల్యూమినియం ట్యాంకుల్లో చాలావాటికి 6351 అనే మిశ్రమలోహం వాడారు. వాటికి మెడ దగ్గర పగుళ్లు వచ్చే గుణం ఉంది. ఎవరో చవగ్గా ఇచ్చారని అలాంటి ట్యాంక్‌ని ఇంట్లో నింపడం ఏ లెక్కన చూసినా వద్దు. డైవ్ సెంటర్‌లో నింపించుకుంటే ట్యాంక్ తేదీ, హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో ట్యాంక్ బలాన్ని చూసే పరీక్ష) ముద్ర చూసేవాళ్లు ఒకరుంటారు. ఇంట్లో ఆ పని చేసేవాళ్లు ఉండరు.

అర లీటరు మినీ ట్యాంకులు, చేతి పంపులు ఎలా ఉంటాయి?

ఇవి నన్ను ఇంకా కలవరపెడతాయి, ఎందుకంటే కొనేవాళ్లలో చాలామందికి డైవింగ్ శిక్షణ ఉండదు. అర లీటరు ట్యాంక్ 200 బార్‌కి నిండితే అందులో ఉండేది 100 లీటర్ల గాలి. ఒడ్డున నింపాదిగా పీల్చే మనిషికి అయిదు నిమిషాలు, 10 మీటర్ల లోతులో దానిలో సగం. కంగారుపడితే అదీ ఉండదు. ట్యాంక్ గాలి పీల్చాక ఊపిరి బిగబట్టి పైకి వస్తే, మీటరు, మీటరున్నర లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. ఈతకొలను లోతే దానికి చాలు. చేతి పంపుల్లో ఆయిల్ మాడే సమస్య తక్కువే అయినా, తేమను ఆపే ఏర్పాటు పేరుకే ఉంటుంది.

చవక కంప్రెసర్ గాలితో నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) కలుపుకోవచ్చా?

అస్సలు వద్దు. ట్యాంకులో ఆయిల్ పొర ఉండి, దాని మీదకు స్వచ్ఛమైన ఆక్సిజన్ ప్రెషర్‌తో వెళితే మంట పుడుతుంది. ఆ పద్ధతికి వాడే గాలిలో ఆయిల్ ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని నియమం. ఆక్సిజన్ ఎక్కువ ఉన్న గాలిని చవక కంప్రెసర్ గుండా నడపడం కూడా అంతే ప్రమాదం.

ఒకసారి ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తే నిశ్చింతగా ఉండవచ్చు కదా?

ల్యాబ్ రిపోర్టు ఆ రోజు, ఆ ఉష్ణోగ్రతలో, ఆ ఫిల్టర్‌తో వచ్చిన గాలి గురించి చెబుతుంది. మిషన్ చల్లగా ఉన్నప్పుడు తీసిన శాంపిల్ బాగానే రావచ్చు. రెండు గంటలు నడిచి, ఎండలో కాగి, ఫిల్టర్ తడిసిన తర్వాత వచ్చే గాలి వేరు. అందుకే జాగ్రత్తపడే డైవ్ సెంటర్లు మూడు నెలలకోసారి టెస్ట్ చేయిస్తాయి, పైగా లైన్‌లో కార్బన్ మోనాక్సైడ్ మానిటర్ పెట్టుకుంటాయి.

మీరు ఎక్కడ నింపించుకున్నా సరే, చేతిలో పట్టే కార్బన్ మోనాక్సైడ్ ఎనలైజర్ ఒకటి కొనుక్కోండి. చవక కంప్రెసర్‌కి పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే అంతకంటే మంచి ఖర్చు ఉండదు. ప్రతి ట్యాంకునీ డైవ్‌కి ముందు చూడవచ్చు. దాని సెన్సార్‌కి కూడా గడువు ఉంటుంది, అది దాటాక చూపే సున్నాని నమ్మవద్దు.

పెద్ద కంపెనీ సెకండ్ హ్యాండ్ మిషన్ దొరికితే?

కొత్త చవక మిషన్ కంటే నేను దీనికే మొగ్గుతాను, కొన్ని షరతులతో. ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూడండి. సర్వీస్ కాగితాలు అడగండి. ఫిల్టర్ హౌసింగ్ కూడా ఒక ప్రెషర్ పాత్రే. ఇన్నిసార్లు నిండి ఖాళీ అయ్యాక మార్చాలని దానికి లెక్క ఉంటుంది, ఆ లెక్క రాసిపెట్టని మిషన్‌కి కొత్త హౌసింగ్ ధర కలిపి బేరం చేయండి. స్పేర్ పార్టులు, కార్ట్రిడ్జిలు ఇప్పటికీ దొరుకుతున్నాయో లేదో కొనకముందే తెలుసుకోండి. కొన్నాక మొదటి గాలి ల్యాబ్‌కి, తర్వాతే ఊపిరితిత్తులకి.

ఏడాదికి కొద్దిసార్లే డైవ్ చేసేవాళ్లయితే ఇదీ అవసరం లేదు. ఆయిల్, కార్ట్రిడ్జిలు, టెస్టులు, సర్వీసు కలిపి లెక్క వేస్తే బయట నింపించుకోవడమే చవక అవుతుంది. నలుగురైదుగురు క్రమం తప్పకుండా డైవ్ చేసే క్లబ్‌కైతే కలిసి కొనుక్కోవడంలో అర్థముంది, మిషన్ బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉంటేనే.

డైవ్‌లో గానీ, పైకి వచ్చాక గానీ తలనొప్పి, వికారం, తల తిరగడం ఉంటే?

నీటిలో ఉంటే తోటి డైవర్‌కి సైగ చేసి, ఇద్దరూ మామూలు వేగంతో పైకి రండి. తోటి డైవర్ ట్యాంకు కూడా అదే కంప్రెసర్‌తో నింపి ఉంటే వాళ్లకీ అదే ముప్పు ఉందని మరవకండి. ఒడ్డుకు చేరాక స్వచ్ఛమైన ఆక్సిజన్ మాస్క్‌తో ఇవ్వాలి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. డైవింగ్ తర్వాత వచ్చిన సమస్య అని, ట్యాంకు గాలి మీద అనుమానం ఉందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ అత్యవసర ఫోన్ లైన్ నడుపుతోంది, వాళ్ల సలహా తీసుకోవచ్చు.

వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించిందని ఊరుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. దీనికి వేరే రక్త పరీక్ష ఉంది. ఇంకా, ఆ ట్యాంకులో మిగిలిన గాలిని వదిలేయకండి. వాల్వు మూసి, గుర్తు పెట్టి, పక్కన ఉంచండి. ఏం జరిగిందో తేల్చే ఆధారం అదే.

నేను ఇప్పటికే అలాంటి మిషన్‌తో ట్యాంక్ నింపేశాను. ఇప్పుడేం చేయాలి?

ఆ గాలితో నీళ్లలోకి దిగకండి. ఆరుబయట వాల్వు కొద్దిగా తెరిచి నెమ్మదిగా ఖాళీ చేయండి; ఒక్కసారిగా వదిలితే వాల్వు గడ్డకట్టి, లోపల తేమ ఇంకా పెరుగుతుంది. వదిలేటప్పుడు ముందు తెల్ల కాగితం పట్టుకుని చూడండి, జిడ్డు మరక పడితే ట్యాంక్ లోపల ఆయిల్ చేరినట్టు. మరక పడకపోయినా వాల్వు విప్పించి, లోపల లైట్ వేసి చూసే అర్హత ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఎలాంటి మిషన్‌తో నింపారో దాచకుండా చెప్పండి, దాన్నిబట్టే వాళ్లు ఏ రకంగా కడగాలో నిర్ణయిస్తారు. అదే గాలితో రెగ్యులేటర్ వాడి ఉంటే దాన్నీ సర్వీస్‌కి ఇవ్వండి. కంప్రెసర్‌ని పారేయనక్కర్లేదు, ఎయిర్‌గన్‌కి అది చక్కగా పనికొస్తుంది. దాని మీద "పీల్చే గాలికి కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మీ తర్వాత దాన్ని వాడేవాళ్లకు కూడా తెలియాలి.